కుక్కకు గడ్డ పెట్టండి, సాంబారు పెట్టకండి



పొంగల్ దగ్గరికి వచ్చేసింది. మన వాడిపట్టి కూరగాయల అంగళ్ళలో గడ్డలు గుట్టలు పోసినారు. సక్కరవల్లి, సేనై, చేమ, మరవల్లి, పనంగెళంగు కట్టలు, కొడైకానల్ కొండ దిగి వచ్చిన క్యారెట్టు, బీట్‌రూటు, ఉర్లగడ్డ. ఇంక పది రోజులు మన ఇండ్లలో ఏ పూట చూసినా గడ్డల కూరే. చుట్టాలు తిన్నాక గిన్నెలో మిగిలింది ఎవరికి పోతుందో మీకు మేము చెప్పక్కర్లేదు. వాకిట్లో తోక ఆడిస్తూ కూర్చుని ఉంటుంది కదా, దానికే.

పోయిన నెల సంఘం కూటంలో నలుగురైదుగురు ఆడవాళ్ళు మమ్మల్ని ఒకే మాట అడిగారు. "కుక్కకు గడ్డలు పెట్టొచ్చా, కూడదా?" మా ఇంట్లో తాతల నాటి నుంచి కుక్క లేని రోజు లేదు గనక మమ్మల్ని అడిగారు. నిలబడి చెప్పేంత చిన్న జవాబు కాదని ఇక్కడ రాస్తున్నాం. తీరిక లేనివాళ్ళకు ముందే ఒక్క మాట: గడ్డలు చాలా వరకు పెట్టొచ్చు. ఆ గడ్డ ఉడికిన పులుసు మాత్రం పెట్టకూడదు.

మన ఊరికి కూతవేటు దూరంలోనే అలంగానల్లూరు, పాలమేడు. జల్లికట్టు ఎద్దుకు ఏం పెట్టాలో మన చుట్టుపక్కల చిన్న పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. పత్తి విత్తులు ఎంత, ఉలవలు ఎంత, ఏ నెలలో ఎంత నడిపించాలి, అన్నీ లెక్కే. కుక్క దగ్గరికి వచ్చేసరికి ఏ లెక్కా లేదు. మిగిలింది దాని పాలు, అంతే. అది కూడా మన దక్షిణాది కుక్కలంటే లోకం మొత్తం మెచ్చుకుంటున్న కాలంలో. 2005 జనవరిలో తపాలా శాఖ నాలుగు దేశీ కుక్కల మీద స్టాంపులు వేస్తే అందులో రాజపాళయం ఒకటి. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి రేడియోలో మాట్లాడుతూ రాజపాళయం, కన్ని, చిప్పిపారై, కోంబై పేర్లన్నీ చెప్పారు. రాజపాళయం మన తెలుగు రాజుల ఊరు. అక్కడి కుక్క నాయకుల కాలంలో మనవాళ్ళ వెంట నడిచి వచ్చిందని పెద్దలు చెప్పుకుంటారు. అది నిజమో కథో పక్కన పెడదాం. మన వాకిట్లో ఉన్నదాని కడుపు సంగతి చూద్దాం.

"కుక్క మాంసం తినేది గదా, దానికి గడ్డలెందుకు?" అని కొందరు అడుగుతారు. కుక్క తోడేలు వంశమే గాని తోడేలు కాదు. 2013లో స్వీడన్ దేశపు ఉప్సాలా పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక విషయం బయటపెట్టారు. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయట. మనిషి ఇంటి కూడు తిని తిని దాని కడుపే మారిపోయింది. కాబట్టి ఉడికిన గడ్డ దానికి అరుగుతుంది. క్యారెట్టులో, సక్కరవల్లిలో ఉండే పసుప్పచ్చ పదార్థాన్ని కుక్క ఒంట్లోనే విటమిన్ ఏ గా మార్చుకోగలదు. పిల్లికి ఆ శక్తి లేదు.

మరి చిక్కు ఎక్కడ ఉంది? మా వీధిలో జరిగిందే చెబుతాం.

ఎదురింటి పెద్దమ్మ వాళ్ళ కుక్క పేరు మణి. చిప్పిపారై కలిసిన జాతి, ఇరవై కిలోలకు కొంచెం తక్కువ ఉంటుంది. వాళ్ళ మనవరాలి చెవులు కుట్టే వేడుక పెరట్లో పందిరి వేసి చేశారు. వంద మందికి వంట. చిన్న ఉల్లిపాయల సాంబారు, క్యారెట్టు బీట్‌రూటు పొరియల్, ఉర్లగడ్డ మసాలా. బాగా మిగిలింది. రెండు రోజులు మూడు పూటలా మణికి అదే విందు. నాలుగో రోజు అది లేవలేదు. ఒంటేలు ముదురు ఎరుపుగా పోసింది. పెద్దమ్మ కంగారు పడలేదు. "బీట్‌రూటు తినింది గదా, ఆ రంగే వస్తాది. మనకూ వస్తాది గదా" అనింది. వీధిలో అందరూ అదే అన్నారు. వినడానికి సబబుగానే ఉంది. బీట్‌రూటు తింటే కొన్ని కుక్కలకు ఒంటేలు ఎర్రబడేది నిజమే.

మా ఇంట్లోవాళ్ళు పోయి దాని పెదవి ఎత్తి చూశారు. గులాబి రంగులో ఉండాల్సిన చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఊపిరి ఎగబీలుస్తోంది. ఆటోలో వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన రక్తం తీసి అద్దం కింద చూసి అడిగిన మొదటి ప్రశ్న, "ఉల్లి ఏమన్నా పెట్టినారా?" పెద్దమ్మ "లేదయ్యా, ఉల్లి ఎక్కడ పెట్టినాం, ఉత్త సాంబారు అన్నమే" అనింది. ఆ మాట వినగానే డాక్టరు కలం పక్కన పెట్టేశాడు. సాంబారు అంటే మనకు సాంబారే, అందులో ఉల్లి ఒకటి ఉందని మన నోటికి రాదు. గరిటెకు నాలుగు చిన్న ఉల్లిపాయలు పడతాయి.

మణి బతికింది. కాని మేడమెట్లు ఎక్కడానికి దానికి నెల పట్టింది. ఇంకో రెండు రోజులు బీట్‌రూటు రంగే అనుకుని ఉంటే ఈ రాత వేరేగా ఉండేది.

ఉల్లి, వెల్లుల్లి, ఉల్లికాడ అన్నీ ఒకే కుటుంబం. వాటిలోని గంధకపు పదార్థాలు కుక్క రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి. కణాల అంచున చిన్న బొడిపెలు లేస్తాయి. వాటిని హైంజ్ బాడీలంటారు. ఆ కణాలు పగిలిపోతాయి, వాటిలోని ఎరుపు ఒంటేల్లో దిగుతుంది, కుక్కకు రక్తం తగ్గిపోతుంది. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టి పొడి చేసినా ఈ విషం పోదు. వెల్లుల్లి ఇంకా ఘాటు. కుక్క బరువులో అర శాతం దాటి ఉల్లి ఒకేసారి లోపలికి పోతే ప్రమాదమని పశువైద్యులు చెబుతారు. ఇరవై కిలోల కుక్కకు అది 100 గ్రాములు. మనం సాంబారులో వేసే చిన్న ఉల్లిపాయలు ఒక పది పన్నెండు. అంత ఒకేసారి తినకపోయినా రోజూ కొంచెం కొంచెం పడితే కూడా చేటే. ఇంకో మోసం ఏమిటంటే, తిన్న రోజు ఏమీ కనబడదు. రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. అప్పటికి మనం పెట్టింది మరిచిపోయి ఉంటాం, దోషం ఎండ మీదనో, దిష్టి మీదనో, పాపం బీట్‌రూటు మీదనో వేస్తాం.

అందుకే ఒక గుర్తు పెట్టుకోండి. ఒంటేలు ఎర్రగా ఉంటే ముందు పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. గులాబిగా ఉండి, కుక్క హుషారుగా తిరుగుతుంటే బీట్‌రూటు అయి ఉండొచ్చు. అది ఆపి ఒక రోజు చూడండి, రంగు పోకపోతే డాక్టరుకు చూపించండి. చిగుళ్ళు తెల్లగానో పచ్చగానో ఉంటే, కుక్క సోలిపోతుంటే, ఆ గంటే ఆసుపత్రికి పోవాలి.

ఇంక గడ్డల వరసకు వద్దాం.

సక్కరవల్లి అన్నిటికన్నా మేలు. ఆంధ్రాలో చిలగడదుంప, రాయలసీమలో గెనుసుగడ్డ అంటారు, అన్నీ ఒకటే. తోలు తీసి, ఉప్పు లేకుండా ఉడికించి, నలిపి పెట్టండి. పచ్చిది అరగదు. క్యారెట్టు కూడా మంచిదే. గుండ్రటి బిళ్ళలుగా కోస్తే గొంతుకు అడ్డం పడతాయి, ఆత్రగొట్టు కుక్క నమలదు. నిలువుగా సన్నంగా చీల్చండి, లేకుంటే తురమండి. ఉడికిస్తే ఇంకా బాగా ఒంటబడుతుంది. పచ్చి ముక్కలు చాలా వరకు పోయినవి పోయినట్టే బయటికి వస్తాయి. బీట్‌రూటు ఉడికినది రెండు మూడు ముక్కలు చాలు. ఒంటేట్లో రాళ్ళు వచ్చిన కుక్కకు బీట్‌రూటూ వద్దు, సక్కరవల్లీ వద్దు. ముల్లంగి చెడుపేమీ చేయదు గాని గాలి పోస్తుంది, రాత్రి మీరే ఇంట్లో ఉండలేరు.

ఉర్లగడ్డ బాగా ఉడికి, తోలు తీసినదయితే కొంచెం పెట్టొచ్చు. పచ్చరంగు తిరిగినది, మొలకలు వచ్చినది మాత్రం కుక్కకూ వద్దు, మనకూ వద్దు. అందులో సోలనిన్ అనే విషం ఉంటుంది. ఉడికిస్తే పోతుందిలే అనుకోకండి, పోదు. కోసి పారేసిన ఆ తోళ్ళు, మొలకలు కుక్క నోటికి అందేచోట వేయకండి.

సేనై, చేమ. పచ్చి సేనై కోస్తే మన చేతులే దురద పెడతాయి. అందులో సూదుల్లాంటి సన్నని స్ఫటికాలు ఉంటాయి, అవి నాలుకలో, గొంతులో గుచ్చుకుంటాయి. కుక్క చొంగ కారుస్తూ కాలితో మూతి రుద్దుకుంటుంటే పెరట్లో సేనై తోళ్ళు ఉన్నాయేమో చూడండి. చేమ ఆకూ అంతే. మనం చింతపండు పోసి, బాగా ఉడికించి ఆ దురద అణుస్తాం. కుక్క కోసం ఆ శ్రమ ఎందుకు, ఈ రెండూ మానేయండి.

మరవల్లి గురించి గట్టిగా చెబుతున్నాం. అదే ఆంధ్రావాళ్ళ కర్రపెండలం. పచ్చి మరవల్లిలో, ముఖ్యంగా దాని తోలులో, ఆకులో సైనైడు పుట్టించే పదార్థం ఉంది. తోటలో పెరికి గట్టున కుప్ప వేసినప్పుడు మేకలు ఆ ఆకు మేసి పడిపోయేది రైతులకు తెలుసు. కుక్కపిల్లలు ఆటకు తోలు కొరుకుతాయి. వాటిని కట్టేయండి. పెట్టాలనే ఉంటే తోలు మొత్తం తీసి, మూత లేకుండా బాగా ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి ఒక ముక్క. మేము మా ఇంట్లో అదీ పెట్టం. పనంగెళంగు, అంటే తేగలు, నార ఎక్కువ. మనమే నార పీకి తింటాం, కుక్క పీకదు.

ఎంత పెట్టాలి అనేది కూడా అడిగారు. ఇలాంటి పై తిండి అన్నీ కలిపి రోజు కూటిలో పదో వంతు దాటకూడదు. ఇరవై కిలోల కుక్కకు రోజుకు దాదాపు 1000 క్యాలరీలు కావాలి. అందులో పదో వంతు అంటే ఉడికిన సక్కరవల్లి 100 గ్రాములు, మన చేతికి ఒక చిన్న గడ్డ. ఐదు కిలోల బుజ్జి కుక్కకు రెండు మూడు చెంచాలు. గడ్డలు దాని అసలు కూడు కాదు. గుడ్డో మాంసమో చేపో దాని పాలు దానికి ఉండాల్సిందే. చక్కెర జబ్బు ఉన్నదానికి, ఒళ్ళు చేసినదానికి డాక్టరును అడిగి పెట్టండి. కడుపు నిండా తిన్న వెంటనే పరుగెత్తించకండి. ఎద లోతుగా ఉండే మన వేట జాతులకు కడుపు ఉబ్బి మెలిపడే గండం ఉంటుంది.

మా ఇంట్లో చేసేది చాలా చిన్న పని. గడ్డలు ఉడికిన వెంటనే, ఉప్పు, కారం, ఉల్లి పడకముందే, తాళింపు పెట్టకముందే, కుక్క ముక్కలు ఒక సొట్ట గిన్నెలోకి తీసేస్తాం. ఆ గిన్నె పొయ్యి పక్కనే ఉంటుంది. చుట్టాలు వచ్చినప్పుడు వంటమనిషికి కూడా ముందే చెబుతాం. తాళింపుకు ముందు తీసింది కుక్కది, తాళింపుకు తర్వాతది మనది. మణి సంగతి అయ్యాక పెద్దమ్మ ఇంట్లోనూ అలాంటి గిన్నె ఒకటి వచ్చింది. మిగిలిన సాంబారు అన్నం ఇప్పుడు వాళ్ళు ఎరువు గుంటలో వేసి, పైన మట్టి కప్పేస్తున్నారు.

పెద్దవాళ్ళు కొందరు ఒక మాట అంటారు. "మా కాలంలో కుక్కలు మిగిలిందే తిన్నాయి, ఏమయింది?" నిజమే, తిన్నాయి. కాని ఆ కాలంలో మిగిలింది ఏమిటి? మా అవ్వ చెప్పేది, రాత్రి మిగిలిన సజ్జ సంగటి, గంజి, ఇంత మజ్జిగ. ఉల్లిపాయ కొరుక్కుని తినేది మనిషి, కుక్కకు సంగటి ముద్దే. ఇప్పుడు మిగిలేది ఉల్లి సాంబారు, వెల్లుల్లి కారం, రాత్రి కొట్టునుంచి తెచ్చిన పరోటా సాల్నా. కుక్క అదే, మిగిలేది మారింది. ఇంకోటి కూడా ఉంది. ఆ కాలంలో ఒక కుక్క నాలుగు రోజులు మూలపడి పోతే ఎందుకు పోయిందని అడిగినవాళ్ళు లేరు.

పండగ రోజుల్లో ఎక్కడైనా పొరపాటున కుక్క ఉల్లి గిన్నెలో మూతి పెట్టిందనుకోండి. ఉప్పునీళ్ళు తాగించి కక్కించకండి, అది ఇంకో విషం. ఎంత తినింది, ఎప్పుడు తినింది, కుక్క బరువు ఎంత, ఈ మూడూ డాక్టరుకు ఫోనులో చెప్పండి. మొదటి రెండు గంటల్లో అయితే ఆయన కక్కించగలరు. ఆ గడువు దాటితే వారం రోజులు చిగుళ్ళు చూస్తూ ఉండాలి. వీధి కుక్కలకు పెట్టేవాళ్ళకూ ఇదే విన్నపం. వాటిని ఆసుపత్రికి మోసుకుపోయేవాళ్ళు ఉండరు గనక ఇంకా జాగ్రత్త.

మనలో చాలామందికి మాట వచ్చు గాని అక్షరం రాదు. ఇది చదవగలిగినవాళ్ళు ఇంట్లో వంట చేసేవాళ్ళకు ఒకసారి గట్టిగా చదివి వినిపించండి. మీ ఇంటి కుక్క పేరు, అది ఏ గడ్డ ఇష్టంగా తింటుందో కింద రాయండి. అందరికీ పొంగల్ శుభాకాంక్షలు.