సిద్దిపేట గోదాములో పోపుల డబ్బా

సిద్దిపేట అనగానే గుర్తొచ్చేవి కోమటి చెరువు, గొల్లభామ చీర. హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద 100 కిలోమీటర్లు. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. 2023 అక్టోబరు 3న రైలూ వచ్చింది. చూసిపోయేవాళ్లు పెరిగారు. మేం మాత్రం ఈసారి ఎవరూ తొంగిచూడని చోటుకి వెళ్లాం. అదో కిరాణా హోల్‌సేల్ గోదాము!

తలుపు దాటగానే ఎండుమిర్చి ఘాటు, బెల్లం వాసన. దుబ్బాక, చేర్యాల, హుస్నాబాద్ వైపు దుకాణాల నుంచి వచ్చిన చిట్టీలు బల్లమీద దొంతరగా ఉన్నాయి. ఒక్కో చిట్టీ పట్టుకుని ఒక్కో కుర్రాడు వరసల మధ్య మాయమవుతున్నాడు. సబ్బులు ఈ చివర, అగ్గిపెట్టెలు ఆ చివర, షాంపూ కోసం మళ్లీ వెనక్కి... చిట్టీలో ఏ వరసలో రాస్తే కాళ్లదీ అదే వరస.

'మూటలు మోస్తే ఏం గాదు సార్, గీ తిరుగుడుతోనే కాళ్లు గుంజుతయి' అన్నాడో కుర్రాడు.

నిజమే. గోదాము ఖర్చులో సగానికి పైగా సరుకు ఏరడానికేననీ, ఏరే మనిషి సమయంలో సగం దాకా నడకకేననీ ఈ రంగంలోని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. లెక్క చూడండి... అందరూ అడిగే సరుకు 20 మీటర్లు ఎడంగా ఉంటే రానూపోనూ 40. అలాంటివి 50 చిట్టీలొస్తే 2 కిలోమీటర్లు!

మరి ఉపాయం? మన వంటింట్లోనే ఉంది. ఆవాలు, జీలకర్ర పోపుల డబ్బాలో పొయ్యి పక్కనే ఉంటాయి. నూనె కాగాక అటకెక్కితే పోపు మాడిపోదూ! పండక్కి తీసే పెద్ద గిన్నెల చోటే అటక. గోదాములోనూ అంతే. ఎక్కువగా పోయే సరుకు ప్యాకింగ్ బల్లకి దగ్గర్లో, మోకాలికీ భుజానికీ మధ్య ఎత్తులో ఉండాలి. బరువైనవి కింద, ఎప్పుడోగానీ అడగనివి దూరంగా. ఒకేలా కనిపించే ప్యాకెట్లు పక్కపక్కన పెట్టకూడదు. చిట్టీని అరల వరసలో తిరగరాస్తే ఒక్క చుట్టులో పనవుతుంది. నాలుగు చిన్న చిట్టీల సరుకు కలిపి తెచ్చి బల్ల దగ్గర విడదీస్తే, నాలుగు నడకలు ఒకటవుతాయి.

పెద్ద కంపెనీలు ఇంకో అడుగు ముందుకేశాయి. అమెజాన్ 2012లో కివా రోబోల సంస్థని కొనేసింది. అక్కడ మనిషి నడవడు, అలమారాయే అతని దగ్గరికి నడిచొస్తుంది. అయితే, పని వేగం పెరిగి గాయాలూ ఎక్కువయ్యాయన్న విమర్శలు అమెరికాలో వచ్చాయి. కాళ్లకి దక్కిన విశ్రాంతిని చేతుల దగ్గర వసూలు చేస్తే లాభమేముంది?

ఇక్కడి సేటూ సబ్బుల్నీ, అగ్గిపెట్టెల్నీ బల్ల పక్కకి మార్పించడం మొదలుపెట్టారు. మిగిలిన సమయం ఎవరిదని అడిగితే కాసేపు ఆలోచించారు. 'చిట్టీలు అయిపోతే పోరగాళ్లు ఇంటికి పోవుడే. ఊకె కూసోబెట్టి ఏం జేస్త?' అని నవ్వారు.

మేం బయటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. కాళ్లు గుంజుతున్నాయన్న కుర్రాడు అప్పటికే సైకిలెక్కాడు.