ఎడమకాలికి రిటైర్మెంటు!

నలభై అయిదేళ్లకు పైగా కారు తోలిన మనిషిని. మొన్న మా ఇంటి గేటు ముందే పరువు పోగొట్టుకున్నాను!

సంగతేమిటంటే, బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి కొత్త సెడాన్ కొని తెచ్చి, "నాన్నా, దూరాలు వెళ్తే ఇక దీంట్లోనే వెళ్లు" అని హైదరాబాదులో మాకు అప్పజెప్పి వెళ్లాడు. సెడాన్ అంటే మరేం లేదు, మనం డిక్కీ ఉన్న కారు అంటామే, అదే. దర్జాగా కూర్చుని తాళంచెవి దూర్చే కన్నం కోసం స్టీరింగు చుట్టూ తడిమాను. కన్నమే లేదు! తాళంచెవి జేబులో ఉంటే చాలట. బ్రేకు తొక్కిపట్టి బొత్తాం నొక్కాలట. నొక్కాను. చప్పుడు వినపడలేదు. స్టార్టు కాలేదేమోనని మళ్లీ నొక్కాను. స్టార్టయిన ఇంజను కాస్తా ఆగిపోయింది. పక్కింటి కుర్రాడు గేటు పట్టుకుని ఒకటే నవ్వు.

అసలు అవమానం ఆ తర్వాత జరిగింది. పది గజాలు పోయాక, అలవాటు కొద్దీ క్లచ్ అనుకుని ఎడమకాలితో గట్టిగా తొక్కాను. ఆటోమేటిక్ కారులో క్లచ్ ఎక్కడిది? అక్కడున్నది వెడల్పాటి బ్రేకు. కారు కీచుమని ఆగింది. మా ఆవిడ ఒళ్లోని మరచెంబు ఎగిరి డాష్‌బోర్డు ఎక్కింది!

తప్పు నాది కాదండీ, నా ఎడమకాలిది. 1978లో మద్రాసులో నేనొక కుర్ర ప్రొడక్షన్ అసిస్టెంటుని. కంపెనీ అంబాసడరులో గేరు స్టీరింగు పక్కన ఉండేది. ముందు సీటు బెంచీలా ఉండి ముగ్గురికి చోటిచ్చేది. ఎదురుగా లారీ వస్తే హెడ్‌లైటు డిప్పు కొట్టడానికి మీట కాలి కిందే ఉండేది. అంటే ఎడమకాలికి రెండు ఉద్యోగాలన్నమాట, క్లచ్ ఒకటీ, డిప్పు ఒకటీ. 2014లో అంబాసడరు తయారీయే ఆగిపోయింది. నా ఎడమకాలికి మాత్రం ఆ కబురు అందినట్టు లేదు.

నాకు తోలడం నేర్పిన కంపెనీ డ్రైవరుగారు అంటూండేవారు: "ఒరే అబ్బీ, లైటు పడ్డ చోటు ఎవడైనా చూస్తాడు. లైటు పడని చోట గేదె ఉంటుంది, అది చూడరా" అని. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

వారం రోజులు కాలనీలోనే తిరిగి, ఎడమకాలిని వెనక్కి మడిచి కూర్చోవడం నేర్చుకున్నాక, ధైర్యం చేసి గోదావరి ప్రయాణం పెట్టుకున్నాం. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరాం. కారుతో వచ్చిన పుస్తకం మా ఆవిడ చేతిలో ఉంది. నేను చదవని పుస్తకాన్ని ఆవిడ అట్ట నుంచి అట్టదాకా చదివేసింది!

పంతంగి టోల్‌గేటు దాటాక రోడ్డు ఖాళీగా దొరికింది. ముందు లారీని దాటుదామని కుడికి తిప్పాను. స్టీరింగు ఎదురు తిరిగింది! ఎవరో పక్కనుంచి చెయ్యేసి వెనక్కి లాగినట్టు. నేను లాగాను, అదీ లాగింది. ఒళ్లు చల్లబడింది.

"ఏవండీ, కంగారు పడకండి. అద్దం వెనక కెమెరా తెల్లగీతలు చూస్తూ ఉంటుందట. ఇండికేటరు వెయ్యకుండా గీత దాటితే, మీకు కునుకు పట్టిందనుకుని వెనక్కి తిప్పుతుందట. చెప్పి తిప్పండి" అంది ఆవిడ పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

ఇండికేటరు వేశాను. స్టీరింగు వెన్నలా తిరిగింది. ఇన్నేళ్లలో లైసెన్సు ఆఫీసుగానీ, పోలీసుగానీ నేర్పలేని మర్యాద సూర్యాపేట చేరేలోపు ఈ కారు నేర్పింది. విజయవాడ సిగ్నలు దగ్గర ఇంజను ఆగిపోతే మాత్రం మళ్లీ గాభరా పడ్డాను. పెట్రోలు ఆదాకి అదే ఆగుతుందట, బ్రేకు మీద కాలు తీస్తే అదే లేస్తుందట. ఈలోగా వెనకాల హారన్లు, తిట్లు!

ఏలూరు, నల్లజర్ల, దేవరపల్లి మీదుగా కొవ్వూరు చేరాం. అక్కణ్ణుంచి గోదారి పక్క దారిలో కుమారదేవం. సినిమావాళ్లకు ఆ ఊరు కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. గోదారి ఒడ్డున సుమారు నూట యాభై ఏళ్ల నిద్రగన్నేరు చెట్టు ఉండేది. ఎన్నెన్ని సినిమాలు దాని నీడన తీశారని! అందరూ 'సినిమా చెట్టు' అనే పిలిచేవారు. దర్శకుడు వంశీగారికి ఆ చెట్టంటే ప్రాణం. నేనూ దాని కింద యూనిట్‌కి ఇడ్లీ పొట్లాలు పంచినవాణ్ణే.

ఊరి దారిలోకి తిరగ్గానే డాష్‌బోర్డులో తెల్లగీతల బొమ్మ వెలిసిపోయింది. రోడ్డు మీద గీతలుంటేగా అది చూడటానికి! కోళ్లూ, ధాన్యం ఆరబోసిన పట్టాలూ, ఎదురొచ్చే గడ్డిబండ్లూ, వీటిలో ఏవి పక్కకు తప్పుకుంటాయో, ఏవి తప్పుకోవో దానికేం తెలుసు? అక్కడ మాత్రం మళ్లీ నేనే డ్రైవర్ని.

"మీరు మీ గమ్యస్థానానికి చేరుకున్నారు" అంది మ్యాపులో గొంతు.

ఎదురుగా గోదారి ఉంది, గట్టు ఉంది, చెట్టు లేదు. 2024 ఆగస్టు 5న కూలిపోయింది. మొదలుకి చికిత్స చేసి మళ్లీ చిగురింపజేయాలని ఊరివాళ్లూ, అభిమానులూ పూనుకున్నారు కూడాను. ఈ సంగతులన్నీ పేపర్లో చదివినవే. అయినా, మనిషి పోయాక ఆ ఇంటికి వెళ్లి కూర్చుని వస్తాం చూడండి, అలా వెళ్లాం. పొద్దువాలేదాకా గట్టు మీద కూర్చున్నాం. ఆ ఖాళీ ఆకాశంలో కొమ్మలు ఎక్కడిదాకా ఉండేవో ఆవిడకి వేలితో గీసి చూపించాను.

తిరుగుదారిలో మసకచీకటి పడింది. ఎదురుగా వచ్చే బస్సు లైట్లు కళ్లలో కొడుతున్నాయి. ఉన్నట్టుండి కారు కుయ్యిమని అరిచింది. నా కాలు కదిలేలోపే తనంతట తనే బ్రేకు వేసేసింది. చూస్తే మూడు గజాల్లో ట్రాక్టరు తొట్టి! వెనక దీపం లేదు, ఎర్ర గుడ్డయినా లేదు.

దీపం లేకపోవడం వాడి తప్పే. కానీ నిజం చెప్పాలిగా, నేను ఆ తొట్టిని చూడలేదు. ఏడాదిగా రాత్రిళ్లు ఎదుటి లైట్లు పువ్వుల్లా విచ్చుకుంటున్నాయి. ఇంట్లో చెబితే తాళంచెవి లాక్కుంటారని దాచాను. లైటు పడని చోట చూడరా అన్న గురువుగారి మాట ఇప్పుడు కారు నిలబెట్టింది, నేను కాదు.

బండి పక్కకు తీసి ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. "రేపు రాజమండ్రిలోనే కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్దాం" అంది, అంతే.

1974లో కట్టిన రోడ్డు కం రైలు వంతెన మీద మెల్లగా రాజమండ్రి చేరాం. కుర్రకారుకి నేను చెప్పొచ్చేదేమిటంటే, ఇలాంటి కారు అమ్మానాన్నలకి కొనిస్తే తాళంచెవి ఇచ్చి వెళ్లిపోకండి. వారం రోజులు పక్కన కూర్చోండి. మావంటి పెద్దలకు మనవి: అది గీతలు చూస్తుంది, మనం మనుషుల్ని చూడాలి. మనకి కనబడనిది మాత్రం ఇంట్లో చెప్పాలి.

లాడ్జి ముందు రివర్సు చేస్తుంటే తెర మీద వెనక గోడ కనిపిస్తోంది. అయినా మెడ తిప్పి వెనక్కి చూశాను.

"తెరలో కనబడుతోందిగా!" అంది ఆవిడ.

"రెండూ చూస్తున్నానోయ్."

"అలా చూస్తే ఇంకో అయిదేళ్లు తోలచ్చు. పగలే సుమండీ!"