నిదానం

'నిదానం' అన్న మాట తెలుగునాట నిత్యం వినిపించేదే. తొందరపడవద్దని హెచ్చరించడానికి పెద్దలు ఈ మాట వాడుతారు. 'నిదానమే ప్రధానం' అన్నది సామెత. ఆయుర్వేదంలో ఇదే మాటకు మరొక అర్థం ఉంది. రోగానికి మూలమైన కారణాన్ని నిదానం అంటారు. ఆ కారణాన్ని నిర్ణయించే శాస్త్రానికీ అదే పేరు. మాధవకరుడు రచించిన 'మాధవ నిదానం' శతాబ్దాలుగా వైద్యవిద్యార్థులకు పాఠ్యగ్రంథంగా నిలిచింది. ఓర్పును, కారణాన్వేషణను ఒకే పదం తెలపడం కాకతాళీయమే కావచ్చు. కాని రోగి మనిషి అయినా, యంత్రమైనా ఆ రెండింటిలో ఏది లోపించినా చికిత్స దారి తప్పుతుంది. విశాఖపట్నం నుంచి అరకులోయకు యాత్రికులను తీసుకువెళ్లే ఒక పాత కారు కథ ఈ సత్యానికి చక్కని నిదర్శనం.

అది ఏడుగురు కూర్చునే డీజిల్ కారు. టర్బో అమర్చిన ఇంజను గలది. వయస్సు పన్నెండేళ్లు. దాని యజమానే దానికి డ్రైవరు. ఆ బండి మీద వచ్చే రాబడే ఆయన కుటుంబానికి ఆధారం. శృంగవరపుకోట దాటి కొంత దూరం పోయాక కనుమదారి మొదలవుతుంది. అనంతగిరి కాఫీతోటల మీదుగా మలుపులు తిరుగుతూ దారి పైకి సాగుతుంది. ఏళ్ల తరబడి ఆ ఎత్తును అవలీలగా ఎక్కిన కారు ఒకనాడు మొరాయించింది. మైదానంలో బాగానే నడిచింది. నిండుగా మనుషులతో కొండ ఎక్కుతూ, మూడో గేరులో యాక్సిలరేటరు తొక్కగానే బండి వణికింది. పికప్ అందలేదు. వెనుక నల్లని పొగ కమ్మింది. మలుపులో కారు నీరసించి నిలిచిపోయేలా ఉంటే వెనుక వస్తున్న లారీ ఆగకుండా హారన్ మోగించింది. బండిలో ఉన్న పసిపిల్లలు భయపడి ఏడ్చారు. ఆ రోజు ఎలాగో పైకి చేరుకున్నా, ఆ డ్రైవరుకు రాత్రి నిద్ర పట్టలేదు. మైదానంలో పికప్ తగ్గితే ప్రయాణం ఆలస్యమవుతుంది; కనుమదారిలో తగ్గితే ప్రాణాలకే ముప్పు.

ఈ కారుకు వచ్చిన జబ్బు అర్థం కావాలంటే టర్బో చేసే పని కొంత తెలియాలి. ఇంజనులో ఇంధనం మండాలంటే గాలి కావాలి. ఎంత ఎక్కువ గాలి లోపలికి చేరితే అంత ఎక్కువ ఇంధనం చక్కగా మండి, అంత ఎక్కువ శక్తి పుడుతుంది. మామూలు ఇంజను తన పిస్టన్ల కదలికతోనే గాలిని పీల్చుకుంటుంది. టర్బో ఉన్న ఇంజనులో బయటికి పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న మరొక చక్రం బయటి గాలిని నొక్కి ఇంజనులోకి పంపుతుంది. వృథాగా పోయే పొగ చేత పని చేయించుకునే ఈ ఉపాయానికి స్విట్జర్లాండుకు చెందిన ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో పేటెంటు పొందాడు. 1962లో అమెరికాలో టర్బో ఉన్న కార్లు అమ్మకానికి వచ్చాయి. తరువాతి కాలంలో డీజిల్ కార్లలో అది సర్వసాధారణమైంది. ఈ చక్రాలు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతాయి. నొక్కుడు పడిన గాలి వేడెక్కుతుంది కనుక దానిని ఇంటర్‌కూలరు అనే జల్లెడ వంటి పెట్టె గుండా పంపి చల్లబరుస్తారు. టర్బో నుంచి ఇంటర్‌కూలరుకు, అక్కడి నుంచి ఇంజనుకు గాలిని చేరవేసేవి గొట్టాలు. వాటిలో రబ్బరు గొట్టాలే ఎక్కువ. కారు పాతబడిందంటే ముందుగా ముసలితనం వచ్చేది వాటికే.

డ్రైవరు మరునాడే నగరంలోని ఒక షెడ్డుకు వెళ్లాడు. అక్కడ స్కానరు తగిలించి చూశారు. ఇంజనులోకి వచ్చే గాలి లెక్కకూ, ఉండవలసిన పీడనానికీ పొంతన కుదరడం లేదని యంత్రం చెప్పింది. గాలిని కొలిచే సెన్సరు పాడైందని నిర్ణయించి కొత్తది బిగించారు. రెండు రోజులు గడిచాయి. కొండ దగ్గర మళ్లీ అదే కథ. డీజిల్ ఫిల్టరు మార్చారు. గుణం కనిపించలేదు. చివరికి టర్బోయే పోయిందని, మొత్తం మార్చవలసిందేనని తేల్చారు. ఆ ఖర్చు వింటేనే ఆయనకు గుండె జారింది. కూతురి కళాశాల రుసుము కోసం దాచిన సొమ్ము తప్ప ఆయన చేతిలో మరేమీ లేదు.

ఇక్కడ స్కానరు అబద్ధం చెప్పలేదు. అది చెప్పింది లక్షణం మాత్రమే. జ్వరమానిని చూసి జ్వరం ఎంత ఉన్నదో చెప్పగలం గాని ఎందుకు వచ్చిందో చెప్పలేము. గాలి లెక్క కుదరలేదంటే లెక్కపెట్టే సెన్సరైనా తప్పి ఉండాలి, లెక్కలోకి వచ్చిన గాలైనా నడుమ ఎక్కడో పోతూ ఉండాలి. రెండో అవకాశాన్ని ఆ షెడ్డులో ఎవరూ పరిశీలించలేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడం అంటే ఇదే.

తోటి డ్రైవర్ల సలహాతో ఆయన శృంగవరపుకోట దారిలో చిన్న షెడ్డు నడిపే ఒక వృద్ధ మేస్త్రీ దగ్గరికి వెళ్లాడు. మేస్త్రీ వెంటనే పానా పట్టుకోలేదు. ఒక బల్ల చూపి కూర్చోమన్నాడు.

"ఎప్పటి నుంచి ఇలా అవుతోంది తమ్ముడూ?" అని అడిగాడు.

"నెల్లాళ్ల నుంచి మేస్త్రీ గారూ. కొండ ఎక్కేటప్పుడే. కింద ఏమీ తెలియదు."

"అంతకు ముందు బండికి ఏదైనా పని చేయించావా?"

డ్రైవరు కొంచెం ఆలోచించి, రేడియేటరు కారుతుంటే విప్పించి బాగుచేయించిన సంగతి చెప్పాడు. అప్పటి దాకా ఆ మాట ఎవరూ అడగలేదు, ఆయనకు చెప్పాలనీ తోచలేదు. రేడియేటరు విప్పాలంటే ఆ కారులో దాని ముందున్న ఇంటర్‌కూలరు గొట్టాలనూ కదపాలి. మేస్త్రీ తల పంకించాడు. అయితే అంతటితో నిర్ణయానికి రాలేదు. ఒకదాని వెనుక మరొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కానక్కరలేదు. కాకి వాలడం, తాటిపండు పడడం ఒకేసారి జరగవచ్చు.

జబ్బు ఎక్కడ బయటపడుతుందో అక్కడే దానిని చూడాలన్నది మేస్త్రీ నియమం. షెడ్డులో నిలిపి ఉంచిన ఇంజనుకు బరువు ఉండదు, గాలి ఒత్తిడి అంతగా పెరగదు. అందువల్ల ఆయన ఆరు ఇసుక బస్తాలు వేయించి, తానూ ఎక్కి కూర్చుని, కారును ఎత్తు మీదికి నడిపించాడు. కిటికీ అద్దం దించి చెవి ఒగ్గాడు. తొక్కిన మరుక్షణం టర్బో అందుకోక కొద్ది ఆలస్యం కావడం సహజమే. అది జబ్బు కాదు. ఆ తరువాతా బలం రాకపోవడమే జబ్బు. పొగ రంగును కూడా ఆయన అద్దంలో గమనించాడు. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు మండుతున్నదని అనుమానించాలి; అప్పుడు టర్బోను కూడా శంకించవచ్చు. నల్లపొగ వస్తే ఇంధనానికి తగిన గాలి అందడం లేదని అర్థం. ఈ కారుది నల్లపొగ. తొక్కినప్పుడల్లా ఇంజను ముందు భాగం నుంచి పాము బుసకొట్టినట్లు ఒక శబ్దం వచ్చి, కాలు తీయగానే ఆగిపోయింది.

షెడ్డుకు తిరిగి వచ్చాక ఖర్చు లేని పరీక్షలన్నీ ముందుగా చేశాడు. ఎయిర్ ఫిల్టరు తీసి చూశాడు, శుభ్రంగానే ఉంది. గొట్టాల క్లిప్పులు బిగువుగానే ఉన్నాయి. టర్బోను అదుపు చేసే సన్నని వాక్యూమ్ గొట్టం గట్టిపడినట్లు కనిపించింది. దోషం ఇదేనేమో అనుకుని తన దగ్గరున్న మరో గొట్టం తగిలించి, మళ్లీ ఎత్తు దాకా వెళ్లి వచ్చాడు. మార్పు లేదు. "ఇది కాదు తమ్ముడూ, నేను పొరబడ్డాను" అని ఆ గొట్టం తీసి, పాతదే తిరిగి తగిలించాడు. దానికి డబ్బు అడగలేదు. ఒకసారి ఒక్కదానినే మార్చాలి, మార్చింది పనికిరాకపోతే ఉన్నస్థితికి తేవాలి. అప్పుడే ఏది కారణమో, ఏది కాదో తేటపడుతుంది.

ఇంజను చల్లారాక టర్బో మూతికి ఉన్న గొట్టాన్ని ఊడదీసి, లోపలి ఇరుసును వేలితో కదిపి చూశాడు. చక్రం సాఫీగా తిరిగింది. రెక్కలు గోడకు రాసుకున్న గుర్తులు లేవు. టర్బో బాగానే ఉందని ఆయన చెప్పినప్పుడు డ్రైవరు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇక మిగిలింది గాలి పోతున్న చోటు పట్టుకోవడం. పంక్చరు షాపులో ట్యూబును నీటితొట్టిలో ముంచి బుడగలు చూడడం అందరికీ తెలిసిన పద్ధతే. కారు గొట్టాలను తొట్టిలో ముంచలేము కనుక నీటినే గొట్టాల దగ్గరికి తేవాలి. ఇంజను ఆపి ఉండగానే గొట్టాల మార్గాన్ని ఒక చివర మూసి, కంప్రెసరుతో గాలిని మెల్లగా నింపాడు. ఒత్తిడి 1 బార్ మించకుండా ముల్లు చూస్తూ, గొట్టాల పొడుగునా కుంచెతో సబ్బునీళ్లు పూశాడు. పైభాగాన ఎక్కడా బుడగ లేవలేదు. ఇంటర్‌కూలరు నుంచి ఇంజనుకు వెళ్లే గొట్టం అడుగువైపు వంపు దగ్గర నురగ పొంగింది. ఆ గొట్టం పక్కనున్న ఇనుప పట్టీకి రాసుకుని రెండు అంగుళాల మేర చీలింది. ఖాళీగా ఉన్నప్పుడు చీలిక మూసుకుని కంటికి కనిపించదు. ఒత్తిడి పెరిగితే పెదవుల్లా తెరుచుకుంటుంది. మైదానంలో కనిపించని జబ్బు కొండ మీద మాత్రమే ఎందుకు బయటపడిందో అప్పుడు అర్థమైంది. రేడియేటరు పని చేసినవారు గొట్టాన్ని తిరిగి బిగించేటప్పుడు కొంచెం పక్కకు జరిపారు. ఆ కొంచెమే నెల్లాళ్ల తిప్పలకు మూలమైంది.

కొత్త గొట్టం వేసి, పట్టీకి తగలకుండా బిగించాక బలం తిరిగి వచ్చింది. అయితే సన్నని వణుకు కొద్దిగా మిగిలింది. చాలునని డ్రైవరు సంతోషించినా మేస్త్రీ ఊరుకోలేదు. నెల్లాళ్లు గాలి చాలక మండిన ఇంజనులో మసి పేరుకుని ఉంటుందని ఊహించి, పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజనులోకి పంపే ఇ.జి.ఆర్. వాల్వును విప్పాడు. అది మసి పట్టి పూర్తిగా మూసుకోవడం లేదు. శుభ్రం చేశాక వణుకు పోయింది. మొదటి దోషాన్ని సరిచేయడంతోనే దాని కడుపున పుట్టిన రెండో దోషం పోదన్న ఎరుక అనుభవం నేర్పే పాఠం.

అన్ని కార్లకూ ఇదే జబ్బు ఉండాలని లేదు. పెట్రోలు టర్బో కారులో ఇలాంటి వణుకే అరిగిన స్పార్క్ ప్లగ్గు వల్ల రావచ్చు. ఒత్తిడి పెరిగిన గాలిలో నిప్పురవ్వ పుట్టడానికి విద్యుత్తు ఎక్కువ కావాలి. బలహీనపడిన కాయిలు మామూలు నడకలో నెట్టుకువచ్చినా, గట్టిగా తొక్కినప్పుడు చతికిలబడుతుంది. మరో కారులో ఇంజెక్టరు, ఇంకొక దానిలో పూడుకుపోయిన సైలెన్సరు కారణం కావచ్చు. లక్షణం ఒకటే, కారణాలు అనేకం. అందుకే విడిభాగాల పట్టిక కంఠస్థం చేయడం కంటే విచారించే క్రమం తెలియడం ముఖ్యం. అడగడం, చూడడం, వినడం, కొలవడం, ఆ తరువాతనే మార్చడం. రోగనిర్ణయానికి ఆయుర్వేదం చెప్పిన అయిదు సాధనాలలో ఉపశయం ఒకటి. ఇచ్చిన మందుకు, ఆహారానికి రోగి స్పందించే తీరును బట్టి రోగాన్ని గుర్తించడమే అది. వాక్యూమ్ గొట్టం మార్చి చూసి తన పొరపాటును ఒప్పుకొన్న మేస్త్రీ ఆ శాస్త్రం చదివినవాడు కాడు. కాని ఆ పద్ధతి ఆయన చేతిలో ఉంది.

బండి అప్పగిస్తూ ఆయన ఒక్క మాట చెప్పాడు: "కొండ ఎక్కి ఆగగానే ఇంజను కట్టేయకు తమ్ముడూ. ఒక నిమిషం తిరగనివ్వు." అంత వేగంతో తిరిగే టర్బో ఇరుసుకు పలుచని ఆయిలు పొరే ఆధారం, వేడి మీద ఒక్కసారిగా ఇంజను ఆపితే ఆయిలు అందక అది దెబ్బతింటుంది.

ఆ కారు నేటికీ అనంతగిరి మలుపులు ఎక్కుతూనే ఉంది. కూతురి రుసుము గడువుకు ముందే చెల్లింది. పైకి చేరాక యాత్రికులు దిగి లోయను చూస్తుంటారు. డ్రైవరు మాత్రం ఆ ఒక్క నిమిషం స్టీరింగు ముందే కూర్చుని ఉంటాడు. చేతిలో యంత్రాలు, తెర మీద అంకెలు ఎన్ని పెరిగినా, కారణం తెలిసేదాకా ఆగగలిగిన మనిషే అసలైన నిపుణుడు. నిదానం అన్న మాటకు గల రెండు అర్థాలనూ తన పనిలో ఒకటి చేసినవాడు ఆ మేస్త్రీ.