పేరు లేని జబ్బు

లోకంలో పేరున్న జబ్బుకు గౌరవం ఎక్కువ. టైఫాయిడ్ అనగానే పథ్యమేమిటో పొరుగువారు చెబుతారు. మలేరియా అనగానే మందు ఏదో అంగడివానికి తెలుసు. పేరు తెలియని జబ్బు మాత్రం అనాథ వంటిది. దానికి పథ్యమేదో, గడువెంతో, ఆశ ఎంతవరకు పెట్టుకొనవచ్చునో చెప్పగలవారుండరు. మనిషికి వస్తేనే ఇంత ఇబ్బంది అయినప్పుడు, నోరులేని పిల్లికి వస్తే చెప్పవలసినదేమున్నది? మా ఇంటి పిల్లికి అటువంటి జబ్బు ఒకటి వచ్చింది. వ్రాయడానికి ఎన్నో పెద్ద విషయాలుండగా పిల్లిని గురించి వ్రాయడమేమిటని కొందరు మిత్రులు నవ్వవచ్చు. అయినా ఆ జబ్బు నాకు నేర్పిన పాఠం తరగతి గదిలో నేర్చినవాటికంటె చిన్నది కాదనే నమ్మకంతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మన తెలుగు నానుడులలో పిల్లికి దక్కిన మర్యాద అంతంతమాత్రమే. పిసినారిని పిల్లికి బిచ్చం పెట్టనివాడంటాము. బయలుదేరిన పని చెడితే ఎదురైన పిల్లిని తిడతాము. మా ఇంట్లో మాత్రం నేను చిన్ననాటినుంచి విన్న కథలు వేరు. ప్రవక్తగారి అనుచరులలో ప్రసిద్ధుడైన అబూ హురైరాకు ఆ పేరు పిల్లిపిల్లమీది ప్రేమవల్ల వచ్చిందని, ఆ మాటకు ‘పిల్లిపిల్ల తండ్రి’ అని అర్థమని మా దాదీ చెప్పేది. ఒక పిల్లిని బంధించి, తాను తిండి పెట్టక, దాని తిండి దానిని వెతుక్కోనీయక చంపిన స్త్రీ శిక్షకు పాత్రురాలైన వృత్తాంతం హదీసు గ్రంథాలలో ఉన్నది. వజూకై ఉంచిన నీటిని పిల్లి తాగబోతే, అబూ ఖతాదా అనే సహాబీ పాత్రను వంచి దానికి అందించిన ఉదంతమూ ఉన్నది. ఈ కథలు చెప్పిన దాదీకి పిల్లి లేని ఇల్లు ఇల్లుగా తోచదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు పాతబస్తీని ముంచినప్పుడు, పెట్టెలోని చీరలు వదిలిపెట్టి, అప్పటి మా పిల్లిని గంపలో పెట్టుకొని మిద్దె ఎక్కిన మనిషి ఆమె.

ఇప్పటి మా పిల్లి 2020లో, లాక్‌డౌన్ రోజులలో, తల్లిని పోగొట్టుకొని మా గడపలోకి వచ్చింది. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో పిల్లిని ముద్దుగా ‘మానో’ అంటారు. దానికి వేరే పేరు వెతకలేదు. మూడు సంవత్సరాలు సుఖంగా పెరిగింది. అబ్బా మిషను కుడుతూ ఉంటే కిటికీలో కూర్చొని కదిలే సూదిని చూడడం దాని నిత్యకృత్యం.

2023 జూలైలో ఒక ఉదయం మానో కిటికీ ఎక్కలేదు. బీరువా క్రింద చీకటిలో ముడుచుకొని పడుకొన్నది. పెట్టిన తిండి పెట్టినట్లే ఉన్నది. పిల్లులు నొప్పిని బయటపెట్టవనీ, జబ్బు చేసినప్పుడు దాగుకొనడం వాటి స్వభావమనీ అప్పటికి నాకు తెలియదు. వానకు ముసురు పట్టింది కనుక మగతగా ఉన్నదనుకొన్నాము. రెండవరోజు ఒళ్ళు కాలిపోతూ ఉన్నది.

ఇక్కడ నేను చేసిన తప్పొకటి ఒప్పుకొనవలసి ఉన్నది. అప్పుడు నేను బి.యస్సీ. మొదటి సంవత్సరం, జంతుశాస్త్రం విద్యార్థినిని. ఇంట్లో అందరికంటె నాకే ఎక్కువ తెలుసుననే గర్వముండేది. జ్వరానికి మనం వేసుకొనే పారాసిటమాల్ బిళ్ళలో సగం నలిపి పాలలో కలిపి మానో ముందు పెట్టాను. అది వాసన చూసి ముఖం తిప్పుకొన్నది. “తాగనిదాన్ని బలవంతం చేయవద్దు బేటీ” అని దాదీ ఆ పాలు పారబోసింది. మరునాడు పశువైద్యుడు ఆ సంగతి విని కలం క్రింద పెట్టాడు. ఆ మందును విరిచి బయటకు పంపగల శక్తి పిల్లి కాలేయానికి తగినంత లేదట. విషమై మిగిలిన మందు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేనిదిగా మారుస్తుందట. చిగుళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయట. “ఒక్క బిళ్ళ చాలునమ్మా, పిల్లి చనిపోవడానికి” అన్నాడాయన. నా చేతులు చల్లబడినాయి. చదువుకొన్న నేను చంపబోయినదానిని చదువురాని దాదీ కాపాడింది.

ఆ వైద్యుని అనుభవమంతా గేదెలు, మేకలు, కుక్కలతోనే ఎక్కువ. అయినా ఓపికగా చూశాడు. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి 100.5 నుంచి 102.5 డిగ్రీల వరకు ఉండవలసిన వేడి మానోకు 104.6 ఉన్నది. క్రిమిసంహారక ఔషధం సూదిమందుగా ఇచ్చాడు. నాలుగు రోజులకు జ్వరం తగ్గింది. మానో కొంచెం తిన్నది. మేము సంతోషించినంతసేపు పట్టలేదు, జ్వరం మళ్ళీ వచ్చింది. మందు మార్చాడు. మళ్ళీ అదే తంతు.

రక్తపరీక్ష చేయించాలన్నప్పుడు ఇంట్లో మొదటిసారి మాటలు పెరిగాయి. పరీక్షకు, ఎక్స్‌రేకు కలిపి పదునెనిమిది వందల రూపాయలు. నా పరీక్ష రుసుము చెల్లించవలసిన నెల అది. అబ్బా దర్జీ, పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలో, వానలలో పని తక్కువ. “మనుషుల మందులకే అప్పు చేస్తున్నాము. పిల్లికి ఎక్స్‌రే అంటే మొహల్లా నవ్వుతుంది అమ్మీ” అన్నాడు దాదీతో. ఆ మాటలో అన్యాయమేమీ లేదు. దాదీ వాదించలేదు. బక్రీదుకు తనకు వచ్చిన ఈదీ డబ్బులు రుమాలులో కట్టినవి విప్పి ముందు పెట్టింది. అవి ఆరువందలు. మిగిలినది అబ్బా తెచ్చాడు. ఎక్కడనుంచి తెచ్చాడో నేను అడగలేదు.

పరీక్షలో కొద్దిపాటి రక్తహీనత తప్ప మరేమీ తేలలేదు. ఎక్స్‌రే శుభ్రంగా ఉన్నది. “దీనికి పేరు పెట్టలేకపోతున్నానమ్మా” అని వైద్యుడు నిజం చెప్పాడు. కారణం తెలియని జ్వరమని వైద్యశాస్త్రంలోనే ఒక తరగతి ఉన్నదని, అది మనుషులకూ జంతువులకూ సమానమేనని వివరించాడు. ఒక అనుమానం మాత్రం ఆయనకు ఉండేది. పిల్లులలో ఒక కరోనా వైరస్ సాధారణంగా పేగులలో ఉండి పెద్దగా హాని చేయదు. అరుదుగా అది పిల్లి శరీరంలోనే రూపు మార్చుకొని అంటుపెరిటోనైటిస్ అనే ఘోరవ్యాధిని కలిగిస్తుంది. 1963లోనే వైద్యులు దానిని వర్ణించినా, ఒక్క రక్తపరీక్షతో తేల్చడం నేటికీ కష్టమే. ఎందుకంటే ఆ వైరస్‌కు ఎదురు పదార్థాలు ఆరోగ్యమైన పిల్లుల రక్తంలో కూడా కనబడతాయి. చిరకాలం అది దాదాపు మరణశాసనమే. 2019లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు జీయస్-441524 అనే మందుతో అత్యధిక పిల్లులు బ్రతికినట్లు ప్రకటించిన తరువాతనే ఆశ కలిగింది. కాని అనుమానం నిర్ధారించుకొనడానికి గాని, ఆ మందు తెప్పించడానికి గాని మా స్తోమత చాలదు.

ఆ సాయంత్రం నేను పుస్తకాలు మూసి కూర్చున్నాను. జబ్బేదో తెలియకుండా చేసేదేమున్నదని నా దిగులు. దాదీ గిన్నెలో కోడిమాంసపు రసం చల్లార్చుతూ, “పేరు తెలియకపోతే దానికి ఆకలి వేయకుండా ఉంటుందా?” అన్నది. నాకు సమాధానం తోచలేదు. లేచి ఆమె ప్రక్కన కూర్చున్నాను.

అప్పటినుంచి మేము జబ్బును వదిలి మానోను పట్టుకొన్నాము. పిల్లి కొన్ని రోజులు తిండి మానితే ఒంటి కొవ్వు కాలేయంలో పేరుకొని, అదే మరొక ప్రాణాపాయమవుతుంది. కనుక ఎలాగైనా తినిపించాలి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పాడుచేస్తాయి కనుక అవి లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని మెత్తగా నూరి, రసంలో కలిపి, సూదిలేని సిరంజితో పెట్టేవాళ్ళం. నేరుగా గొంతులోకి కొడితే ఊపిరితిత్తులలోకి పోతుంది. చెంప ప్రక్కనుంచి కొంచెం కొంచెంగా, మ్రింగిన తరువాతనే మళ్ళీ పెట్టాలి. మెడమీది చర్మాన్ని పట్టి వదిలితే వెంటనే సర్దుకొనకపోతే ఒంట్లో నీరు తగ్గినట్లు గుర్తు. ఒకసారి తమ్ముని చేయి గీరుకొన్నది. పిల్లివల్ల కూడా రేబిస్ రాగలదు కనుక, పారే నీటిలో సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వాడికి టీకా వేయించాము.

నేనొక నోటుపుస్తకం పెట్టాను. తేదీ, జ్వరం, తిన్నది ఎంత, నిద్రలో నిమిషానికి ఎన్ని శ్వాసలు అనేవి వ్రాసేదాన్ని. శ్వాసలు ముప్పది దాటకూడదు. వారానికొకసారి కిరాణా కొట్టు కాటాలో గంపతో సహా తూచేవాళ్ళం. మూడు కిలోల ఎనిమిదివందల గ్రాములుండేది మూడు కిలోలకు దిగింది. అబ్బా ఏమీ మాట్లాడేవాడు కాదు. ఒక రాత్రి మాత్రం కుట్టుమిషనును వరండాలోకి మార్చుకొని దోమలలో కూర్చొని కుడుతూ కనిపించాడు. ఎందుకని అడిగితే, “లోపల చప్పుడు. అది నిద్రపోతున్నది” అన్నాడు.

నలుబది రోజుల తరువాత వైద్యుడు ఆ పుస్తకం అడిగి తీసుకొని, పేజీలన్నీ తిప్పాడు. జ్వరం తొమ్మిది పది రోజులకొకసారి లేస్తున్నది. జ్వరమున్న ప్రతి రోజున నేను ‘కిటికీ ఎక్కలేదు’ అని వ్రాసి ఉన్నది. నీరసమనుకొని వ్రాసిన మాట అది. ఆయన మానో కాళ్ళ కీళ్ళు ఒక్కొక్కటే పట్టి చూశాడు. వెనుకకాళ్ళ మడమలు వెచ్చగా ఉన్నాయి. శరీరాన్ని కాపాడవలసిన రక్షణశక్తే పొరబడి కీళ్ళమీద పడుతున్నదేమో అన్నాడు. అది తేలాలంటే మత్తు ఇచ్చి కీళ్ళనుంచి నీరు తీసి పరీక్షించాలి. అంత బలహీనమైన పిల్లికి మత్తు ప్రమాదం. మిగిలినది ప్రెడ్నిసొలోన్ ఇచ్చి చూడడం. “మన ఊహ నిజమైతే లేస్తుంది. లోపల దాగిన అంటువ్యాధి ఉంటే, ఈ మందుతో అది విజృంభించవచ్చు. మీరే ఆలోచించుకోండి” అన్నాడు.

ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోలేదు. ఏ పుస్తకంలోనూ జవాబు లేని ప్రశ్న అది. ఇవ్వకపోతే క్రమంగా పోతుంది. ఇస్తే త్వరగా పోవచ్చు, బ్రతకనూవచ్చు. తెల్లవారి ఫజర్ నమాజు ముగించి అబ్బా, “ఇద్దాం. చేయగలిగింది ఉండగా చేయకపోతే రేపు అమ్మీ ముఖం చూడలేను” అన్నాడు.

మూడవరోజు మానో తనంతట తాను గిన్నె దగ్గరకు నడిచింది. ఆరవరోజు కిటికీ ఎక్కింది. అబ్బా మిషను మళ్ళీ లోపలికి వచ్చింది. ఆ మందును హఠాత్తుగా ఆపరాదు కనుక, నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాము. ఇప్పటికీ అప్పుడప్పుడు ఒకరోజు కుంటుతుంది. ఆ రోజు నేను నోటుపుస్తకం తెరుస్తాను. జబ్బు పేరు తెలిసిందా అని వైద్యుణ్ణి అడిగాను. “మందుకు లొంగినంతమాత్రాన పేరు తెలిసినట్లు కాదమ్మా” అని ఆయన నవ్వాడు. అంత నిజాయితీగా తెలియదనగలిగిన విద్వాంసుణ్ణి నేను అంతకుముందు చూడలేదు.

మా తెలుగు అధ్యాపకులు ఒకనాడు తరగతిలో వైష్ణవుల మర్కటకిశోర, మార్జాలకిశోర న్యాయాలను వివరించారు. కోతిపిల్ల తానే తల్లిని గట్టిగా పట్టుకొంటుంది. పిల్లికూన ఏమీ చేయదు, తల్లే దానిని నోట కరచుకొని మోస్తుంది. అది విన్నప్పుడు నా మనస్సులో మెదిలినది దాదీ ఒడిలో కళ్ళు మూసుకొని పడుకొన్న మానో. జబ్బుపడినవారు మనల్ని పట్టుకొనలేరు. వారి బాధకు పేరు పెట్టి చెప్పలేరు. మోయవలసినది మనమే, పేరు తెలిసిన తరువాత మోద్దామని ఆగడానికి వీలులేదు.

కడపట పెద్దలకు ఒక మనవి. మన కళాశాల వంటశాల వెనుక నాలుగైదు పిల్లులు తిరుగుతున్నాయి. వాటికొక మట్టిమూకుడుతో నీళ్ళు పెట్టించి, సంవత్సరానికొకసారి పశువైద్యుని పిలిపించి విద్యార్థులకు ఒక గంట ప్రసంగం ఏర్పాటు చేయమని కళాశాల సంఘంవారిని వినయంతో కోరుతున్నాను. నావలె సగం బిళ్ళ నలిపి పాలలో కలిపే విద్యార్థి మరొకరుండవచ్చు. పాలు పారబోసే దాదీ ప్రతి ఇంట్లోనూ ఉండకపోవచ్చు.