ఉదయగిరి దారిలో డిక్కీ సామాను

నెల్లూరు నుంచి పడమటికి వెళ్ళే ముంబయి రోడ్డు బుచ్చిరెడ్డిపాళెం, సంగం దాకా పచ్చగా ఉంటుంది. పెన్నా నీళ్ళు పారే వరిమళ్ళు. ఆత్మకూరు దాటాక నేల తీరు మారుతుంది. బీళ్ళు, పొగాకు చేలు, చిట్టడవి, దూరంగా వెలిగొండలు. ఉదయగిరి వైపు తిరిగితే ఊరికీ ఊరికీ ఎడం పెరుగుతుంది. బండి ఆగితే మన దగ్గరున్న సామానే దిక్కయ్యే దారి అది.

ఉదయగిరి కొండను ఎక్కలేకపోయినా కింద నుంచైనా చూడాలని అమ్మ కోరిక. ఎండలు ముదరకముందే, మాఘమాసంలో బయల్దేరాం.

ముందురోజు సాయంత్రం మా ఆవిడా నేనూ డిక్కీ మొత్తం ఖాళీ చేశాం. స్టెప్నీ, జాకీ, నాలుగు వైపులా నాలుగు సైజుల నట్లకు పట్టే ప్లస్ పానా, బండి సాకెట్‌తో నడిచే గాలి పంపు, ట్రయాంగిల్ బోర్డు, బ్యాటరీ దిగిపోతే పక్క బండి నుంచి కరెంటు తీసుకునే కేబుళ్ళు, టార్చిలైటు, కూలెంట్ డబ్బా, మందుల పెట్టె. తాగడానికి ఐదు లీటర్ల నీళ్ళు, అమ్మ బీపీ మాత్రలు రెండు రోజులకు సరిపడా. తెల్లారి టైర్లు చల్లగా ఉండగానే గాలి చూశాం. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసి ఉంటుంది. టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెలు కూడా చదవాలి. 2321 అని ఉంటే, 2021లో 23వ వారం తయారైందని అర్థం. అరుగుదల కనిపించకపోయినా రబ్బరుకు వయసు మీద పడుతుంది. మన ఎండలకు ఇంకా తొందరగా.

ఆత్మకూరులో టిఫిన్లు చేసి, పెట్రోలు నింపుకుని కదిలాం. మర్రిపాడు దగ్గర్లో రోడ్డు పక్కన ఒక కారు ఆగి ఉంది. కడప వైపు నుంచి ఏఎస్ పేట దర్గాకు వెళ్తున్న కుటుంబం. ఒళ్ళో పసిబిడ్డతో ఆ తల్లి కారులోనే కూర్చుని ఉంది.

"అన్నా, జాకీ ఉంది, పానానే కనపల్లేదన్నా," అన్నాడు ఆ అబ్బాయి.

ముందు తల్లీబిడ్డలను దింపి, రోడ్డుకు దూరంగా చెట్టు నీడకు పంపాం. మా ఆవిడ వెనక్కి యాభై అడుగులు నడిచి ఆగబోతే, లారీలకు అది చాలదని అమ్మ ఇంకా దూరం పంపింది. యాభై మీటర్ల అవతల ట్రయాంగిల్ నిలబెట్టింది. హ్యాండ్‌బ్రేక్ వేసి, కదలకుండా చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాం. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేయాలి. జాకీ మీదికి లేపాక బలం పెడితే బండి జారుతుంది. పానా కాడ మీద కాలు మోపి తొక్కితే గానీ మొదటి నట్టు కదల్లేదు. తీరా చూస్తే స్టెప్నీలో గాలి సగమే ఉంది. మా పంపుతో నింపి, నట్లను ఎదురెదురుగా బిగించి, కిందికి దించాక ఇంకోసారి గట్టిగా బిగించాం.

"పానా కొనేదాకా ఈ బండి బయటికి తీయనన్నా," అన్నాడతను.

మధ్యాహ్నానికి ఉదయగిరి కనిపించింది. సముద్రమట్టానికి 3,079 అడుగుల కొండ, మీద కోట. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1514లో గెలిచాడు. ముట్టడి ఏడాదిన్నర పట్టిందని, సైన్యం కదలడానికి రాళ్ళు పగలగొట్టి దారి వేయించాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహం ఆ తర్వాత హంపికి తరలింది. అంతకాలం కోట నిలిచిందంటే గోడల బలం ఒక్కటే కాదు, లోపల నీళ్ళూ గింజలూ ఉండబట్టే. కొండ కింద నిలబడి అమ్మకు ఇదంతా చెప్తుంటే, "ముందుచూపు ఉన్నవాడిదే కోట," అంది. ఊళ్ళో చెక్క గరిటెలు చేసే ఇంటికి వెళ్ళి నాలుగు కొనుక్కుంది.

పొద్దుండగానే తిరుగుదారి పట్టాం. ఆ దారిలో రాత్రి లైట్లు లేని ట్రాక్టర్లు, రోడ్డు మీదికొచ్చే గొడ్లు ఉంటాయి. జాతీయ రహదారి మీద సాయానికి 1033, అంబులెన్సుకు 108, దేనికైనా 112. ఇవి ఫోనులోనే కాదు, కాగితం మీద రాసి అద్దం దగ్గర అతికించాం. ఫోను చార్జింగ్ అయిపోయినా పక్కవాడి ఫోను నుంచి చేయొచ్చు. ప్రమాదంలో పడ్డవాళ్ళకు సాయం చేసినవారిని కేసుల్లో ఇరికించకుండా 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ కల్పించింది. కాబట్టి ఆగడానికి జంకక్కర్లేదు.

సామాను కొనడం సగం పనే. చేతికి అలవాటు కాని పానా రోడ్డు మీద అక్కరకు రాదు. పండగకి ఊరెళ్ళే ముందు ఒక ఆదివారం ఇంటి ముందే ఒక చక్రం విప్పి బిగించండి. స్టెప్నీలో గాలి చూడండి. ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరి చేతా, ఆడపిల్లల చేతా కూడా, ఆ పని చేయించండి.