గిన్తీలో అమ్మీ ఎక్కడ?

బండారులంక పేరు వింటే మన ఇళ్లలో ఆడవాళ్లకు ముందు గుర్తొచ్చేది చీర. అమలాపురం పక్కనే ఉంటుంది ఆ ఊరు. చుట్టూ కొబ్బరి తోటలు, వరి చేలు, మధ్యలో మగ్గాలు. చూడ్డానికి గావే. కానీ 2011 మర్దుంషుమారీ దాన్ని పట్టణాల జాబితాలో రాసింది.

మున్సిపాలిటీ లేని ఊరు కూడా మూడు షర్తులు కుదిరితే సెన్సస్ టౌన్ అవుతుంది. కనీసం 5,000 ఆబాదీ ఉండాలి. చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి. ఏడాదిలో ఆరు నెలలకు తక్కువ కాకుండా పనిచేసే మగవాళ్లలో నూటికి 75 మంది సేద్యం కాని పనిలో ఉండాలి. కోనసీమలో జనం ఒత్తుగానే ఉంటారు కాబట్టి మొదటి రెండూ చాలా ఊళ్లకు కష్టం కాదు. మూడోదే ముష్కిల్. మగ్గమే లేకపోతే బండారులంక ఆ గీత దాటేదని నేననుకోను.

ఇందులో మనకు సంబంధించిన సంగతొకటుంది. మజ్‌హబ్ వారీ లెక్కను సెన్సస్ వాళ్లు మండలానికి, పట్టణానికి ఇస్తారు గానీ గావ్‌కు విడిగా ఇవ్వరు. ఊరి పట్టికలో ఎస్సీ, ఎస్టీ ఖానాలుంటాయి, ముసల్మాన్ల ఖానా ఉండదు. పల్లెల్లో నాలుగైదు ఇళ్లుగా బతికే మనవాళ్లు మండలం మొత్తంలో కలిసిపోతారు. బండారులంక పట్టణమైంది కాబట్టి అక్కడి మనవాళ్లకు విడిగా ఒక అంకె దక్కింది. సాలెవారి మెహనత్ పక్కింటి మైనారిటీని కూడా కాగితం మీద కనబడేలా చేసిందన్నమాట!

అయితే ఆ మూడో షర్తును మళ్లీ చదవండి. మగవాళ్ల పని. ఆసు పోసేదెవరు? రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేదెవరు? కండె లేకపోతే నాడె ఆడదు, నాడె ఆడకపోతే చీర లేదు. కానీ ఊరు పట్టణమా, గావా అని తేల్చే లెక్కలో ఆ చేతులు లేవు.

మా ఇంట్లోనూ ఇదే కహానీ. అమ్మీ మొహల్లా అంతటికీ బ్లౌజులు, షల్వార్లు కుట్టేది. నా స్కూలు ఫీజు ఆ మిషన్ మీంచే వచ్చింది. జనాభా లెక్కలకొచ్చిన మాస్టారు "ఆవిడేం చేస్తారు?" అనడిగితే అబ్బా దర్వాజా దగ్గర నుంచే "కుఛ్ నహీఁ, ఘర్ మే రహ్తీ హై" అన్నారు. లోపల మిషన్ చప్పుడు ఆగలేదు. మాస్టారు రాసుకుని వెళ్లిపోయారు.

2027 మర్దుంషుమారీ రాబోతోంది. 1931 తర్వాత మొదటిసారి అందరి కులమూ రాస్తారు. మజ్‌హబ్, మాదరీ జబాన్, కులం వేర్వేరు సవాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబం మాదరీ జబాన్ తెలుగనే చెప్పొచ్చు, దానివల్ల ఇస్లాం ఏమీ తగ్గదు. ఉర్దూ రాదని సిగ్గుపడి ఉర్దూ అని రాయించొద్దు. పేరు తెలుగులా ఉందని మజ్‌హబ్‌ను వాళ్ల అందాజాకు వదిలేయొద్దు. నూర్‌బాషా అయితే నూర్‌బాషా అని, షేక్ అయితే షేక్ అని సాఫ్‌గా చెప్పండి.

పని గురించి అడిగినప్పుడు మాత్రం మగాళ్లు జవాబివ్వకండి. కుట్టేవాళ్లనీ, బీడీలు చుట్టేవాళ్లనీ, కండెలు చుట్టేవాళ్లనీ ముందుకు పిలవండి. రోజుకెన్ని గంటలు, ఏడాదికెన్ని నెలలు చేస్తారో వాళ్ల జబాన్‌తో వాళ్లే చెప్పాలి. ఆ ఒక్క నిమిషం మాస్టారు ఆగుతారు.