పసిపిల్లలతో పరదేశము

విదేశయానమనగనే మనకు ముందుగ స్ఫురించునవి ఆకాశహర్మ్యములు. కాని పసిపిల్లలను వెంటనిడుకొని కొలకలూరునుండి తొలిసారి సింగపూరునకు బయలుదేరు కుటుంబమునకు, దేశాంతరము పాసుపోర్టు కార్యాలయమునందే ఆరంభమగును. చంకనున్న శిశువునకు సైతము వేరుగ పాసుపోర్టు కావలయును. సాధారణముగ దాని గడువు ఐదేండ్లు మాత్రమే. అంతలో ఆ ముఖము గుర్తింపరానంతగ మారిపోవును గావున ఈ నియమము నాకు సమంజసముగనే తోచుచున్నది.

2018 డిసెంబరులో గన్నవరమునుండి సింగపూరునకు నేరుగ విమానము నడువనారంభించినపుడు మా తెనాలి ప్రాంతమువారు మిక్కిలి సంతసించిరి. మరుసటి యేడే అది నిలిచిపోవుటచే మేము చెన్నపట్టణము చేరి ఎక్కవలసివచ్చినది. నిద్రకు తూలు బిడ్డలతో చేయు ఆ రైలు ప్రయాణమే అసలు కష్టము.

విమానము దిగునపుడు లోపలి వాయుపీడనము హెచ్చుటచే పసివారి చెవులు దిబ్బడవేయును. పాలో నీళ్లో గుటకవేయించినచో గొంతునుండి చెవికిబోవు సన్నని నాళము తెరచుకొని బాధ తగ్గును. ఏడ్చు బిడ్డను గసరుకొను తోటి ప్రయాణికు లీ సంగతి నెఱిగియుండిన నెంత బాగుండెడిది!

అచటి గడియారము మనకన్న రెండున్నర గంటలు ముందు నడచును గాన, పిల్లలు వేళకు లేవరు, వేళకు నిద్రింపరు. చూడదలచిన స్థలముల పట్టికను సగము చించివేయుటయే మేలని నా దృఢాభిప్రాయము. సెరంగూను వీథిలోని శ్రీనివాస పెరుమాళ్ కోవెలను దర్శించిన పిదప, కాలువగట్టున పెరిగిన మా చిన్నదానికి రైలుస్టేషనులోని కదలెడి మెట్లే మహాద్భుతమై తోచినవి. పూటంతయు వానిపై ఎక్కుచు దిగుచు గడపితిమి, మరునాడును అట్లే చేసితిమి.